ఎంగిలి పడని మంచు

కొన్ని సుఖాలకు ఒక చిత్రమైన గుణం ఉంది. వాటిని అనుభవించడమూ, వాటిని చెరపడమూ ఒకటే పని. అలికి ఆరిన వాకిట్లో మొదటి అడుగు, తోడుకున్న పెరుగు మీద మొదటి గరిటె, మడత విప్పని పంచెకు మొదటి కట్టు, ఇవన్నీ ఒక్కసారికే. రెండోసారికి వాకిలి ఉంటుంది, పెరుగు ఉంటుంది, పంచె ఉంటుంది. ఆ మొదటి ముచ్చట మాత్రం ఉండదు. ఇంత చిన్న సంగతిలో ధర్మాధర్మ విచారణ ఏమిటని పాఠకులకు అనిపించవచ్చు. నాకూ అలాగే అనిపించేది. కాని ఆ మొదటి ముచ్చట కోసం మనుషులు చీకటితో లేచి, కొండదారిలో కార్లు బారులు తీర్చి, స్నేహితుణ్ణి వెనక వదిలి, ఒక్కోసారి ప్రాణం కూడా వదిలే చోటు ఒకటి చూశాక దీన్ని గురించి ఆలోచించక తప్పలేదు. అది మంచుకొండల మీద స్కీయింగు చేసే చోటు. అక్కడ వాళ్లు వెతుక్కునే వస్తువును పౌడరు అంటారు. అంటే రాత్రికి రాత్రి పడి, ఇంకా ఎవరూ తొక్కని పొడిమంచు.

మనకు మంచు అంటే మార్గశిరంలో చేల మీద కమ్ముకునేది, గడ్డికొసన నిలిచేది. హోసూరు చలికి చెవులకు తువ్వాలు చుట్టుకున్నవాణ్ణే గాని, మంచును చేతితో ముట్టుకున్నది అరవై దాటాకే. కనుక ఈ పొడిమంచు ఏమిటో మొదట చెప్పుకోవాలి. మేఘంలో చలి సున్నాకు దిగువన 15 డిగ్రీల దరిదాపుల్లో ఉండి, తేమ బాగా ఉంటే, నీటి ఆవిరి ఆరు కొమ్మల నక్షత్రంగా పేరుకుంటుంది. జపానులో హొక్కైడో విశ్వవిద్యాలయానికి చెందిన ఉకిచిరో నకాయా అనే శాస్త్రవేత్త 1936లో ఒక కుందేలు వెంట్రుక మీద అటువంటి నక్షత్రాన్ని ప్రయోగశాలలోనే పెంచి చూపించాడు. చలి ఎంతో, తేమ ఎంతో, దాన్నిబట్టి రేకు ఆకారం మారుతుందని తేల్చాడు. ఈ నక్షత్రాలు కొమ్మలు విరగకుండా, గాలిలేని రాత్రి, ఒకదాని మీద ఒకటి వాలితే వాటి నడుమ ఉండేది ఎక్కువగా గాలే. అమెరికాలోని యూటా రాష్ట్రంలో ఆల్టా అనే చోట పడే కొత్త మంచులో నీటి పాలు సగటున నూటికి 8, 9 కంటే మించదు. మోకాటిలోతు మంచు కరిగితే నాలుగైదు సెంటీమీటర్ల నీళ్లు, అంతే. దానిలో స్కీ పలకల మీద దిగేవాడికి నేల తగలదట, చప్పుడు వినిపించదట, ఒళ్లు బరువు తెలియదట. ఒకడు దిగితే గీత పడుతుంది. పదిమంది దిగితే గట్టిపడుతుంది. వందమంది దిగితే అది మంచే గాని పౌడరు కాదు.

2019 ఫిబ్రవరిలో సాల్ట్‌లేక్ సిటీలో మా మేనల్లుడి ఇంట కొన్నాళ్లు ఉన్నాను. ఒక రాత్రి కిటికీ అవతల మంచు దట్టంగా పడుతూ ఉంటే వాడికి నిద్ర లేదు. "రేపు తెల్లారక ముందే లేయాల మామా, నువ్వూ రా, చూద్దువు గాని" అన్నాడు. నేను స్కీ పలక మీద నిలబడను కూడా లేను. అయినా చూడటానికి వెళ్లాను. లిటిల్ కాటన్‌వుడ్ అనే లోయ పైకొసన ఆల్టా ఉంది. మేము వెళ్లేసరికి పై కొండల్లో ధన్ ధన్ మని పేలుళ్లు వినిపిస్తున్నాయి. రాత్రి పడిన మంచు జనం మీద విరుచుకుపడకుండా, అక్కడి గస్తీవాళ్లు తెల్లవారుజామున మందుగుండు పెట్టి ముందే జార్చేస్తారు. అందుకోసం దశాబ్దాలపాటు సైన్యపు ఫిరంగులు కూడా వాడారు. మంచు మరీ ఎక్కువైతే ఇళ్లలోనుంచి ఎవరూ బయటికి రాకూడదని ఆజ్ఞ వేస్తారు. 2021 ఫిబ్రవరిలో అలా 60 గంటలపాటు జనం లోపలే ఉండిపోయారు.

ఆ రోజు అంత కష్టం లేదు. తొమ్మిది దాటాక లిఫ్టు కదిలింది. అప్పటికే వందలమంది వరసలో ఉన్నారు. మావాడు రోజూ కలిసి భోంచేసే స్నేహితుడొకడు బూటు పట్టీ బిగించుకుంటూ ఉండగానే, మావాడు కుర్చీ ఎక్కి పైకి పోయాడు. పౌడరు పడిన రోజున స్నేహితులు ఉండరని స్కీయర్లలో ఒక సామెత ఉందట. పదకొండు గంటలకు కింద నిలబడి చూస్తే, పొద్దున తెల్లటి దుప్పటిలా ఉన్న కొండ, పిల్లలు పలక మీద గీకి పారేసినట్టుంది.

మధ్యాహ్నం వాణ్ణి అడిగాను, స్నేహితుణ్ణి అలా వదిలిపోవడం ఏమిట్రా అని. "ఈ దినం అంతే మామా. వాడైనా అంతే చేస్తాడు" అన్నాడు. ఆ స్నేహితుడు కూడా నవ్వుతూ తల ఊపాడు.

మొదటి ప్రశ్న ఇక్కడ ఉంది. ఇద్దరూ ఒప్పుకున్న స్వార్థం స్వార్థమేనా? చదరంగంలో మన బంటును చంపినవాడి మీద మనకు పగ ఉండదు. ఆటకు ముందే ఒప్పుకున్నాం కనుక. మావాడి మాటలో ఆ న్యాయం ఉంది. అయితే ఆటలో లేనివాళ్ల సంగతి ఏమిటి? ఆ కొండలో చాలా భాగం అమెరికా ప్రభుత్వపు అడవిశాఖది. లిఫ్టు నడిపే సంస్థకు ఉన్నది అనుమతి మాత్రమే. నేల అందరిది, ఆకాశం నుంచి పడిన మంచు అందరిది. కాని టిక్కెట్టు కొనగలిగినవాడికి, అందులోనూ లోయ మొదట్లో ఇల్లున్నవాడికి, అందులోనూ ఆ రోజు పని మానుకోగలిగినవాడికి అది దొరుకుతుంది. ముందు వచ్చినవాడిది అన్న సూత్రం వినడానికి సమానంగా ఉంటుంది. ముందు రాగలగడం మాత్రం అందరికీ సమానం కాదు.

మన పల్లెల్లో చెరువు నీళ్లకు నీరుగంటి ఉండేవాడు. ఎవరి మడికి ఎంతసేపు నీళ్లు పారాలో వాడు చూసేవాడు. ఎగువ మడివాడు ముందున్నాను గదా అని తూము తెరుచుకుంటే ఊరు ఊరుకునేది కాదు. మరి మంచుకు కూడా ఒక నీరుగంటి ఉంటే? ఆలోచిస్తే అది కుదరదని తెలుస్తుంది. నీటిని పంచితే ప్రతివాడికీ దక్కేది నీరే. మొదటి అడుగును పంచితే రెండోవాడికి దక్కేది రెండో అడుగు. పంచడానికి లొంగని వస్తువులు కొన్ని లోకంలో ఉన్నాయి. వాటి విషయంలో న్యాయం అంటే ఏమిటో మన నీతిశాస్త్రాలు ఎక్కువగా చెప్పలేదు. అవి తిండిని, నేలను, నీటిని దృష్టిలో పెట్టుకొని పుట్టినవి.

పంచడానికి లొంగని చోట రహస్యం పుడుతుంది. పదకొండు తర్వాత కూడా మావాడు ఒళ్లంతా పొడిమంచుతో దిగి వస్తూ ఉంటే, ఇంకా ఎక్కడ దొరికిందిరా అన్నాను. వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "చెప్తా గాని మామా, ఎవరికీ చెప్పగూడదు." పలక మీద నిలబడలేని ముసలివాడి దగ్గర కూడా ఇంత జాగ్రత్త! ఉత్తరపు వాలున, ఎండ తగలని చెట్ల నడుమ, గాలి ఎత్తిపోసిన మంచు రోజుల తరబడి మెత్తగా ఉండే మూల ఒకటి ఉందట. ఒక పెద్దాయన తన మోకాళ్లు పనికిరాకుండా పోయే ముందు వీణ్ణి వెంటబెట్టుకుపోయి చూపించాడట. నోటితో ఎవరికీ చెప్పకూడదు, చూపిస్తే ఒక్కరికే, వెంట తీసుకుపోయి చూపించాలి అని ఆయన పెట్టిన షరతు. ఆ మూల ఎక్కడో నేను ఈ వ్యాసంలో రాయడం లేదు. హోసూరు నుంచి ఎవరూ పోయి తొక్కరని తెలిసినా, మాట మాటే.

ఇలా దాచుకోవడం తప్పా? మన దక్షిణాదిన ఈ ప్రశ్నకు ఒక పెద్ద కథ ఉంది. తిరుక్కోష్టియూరులో గురువు రహస్యంగా ఉపదేశించిన మంత్రార్థాన్ని రామానుజులు గోపురమెక్కి అందరికీ వినిపించారని, నరకం వస్తే నా ఒక్కడికే గదా అన్నారని పెద్దలు చెప్పుకుంటారు. ఆ కథ విన్నప్పుడల్లా దాచుకున్నవాడు లోభి, పంచినవాడు మహాత్ముడు అనిపిస్తుంది. కాని మంత్రం పదిమంది నోట పడితే తరిగేది కాదు, గోపురం మీదనుంచి అరిస్తే మొదటివాడి భాగానికి లోటు రాదు. ఆ చెట్ల నడుమ మంచు అటువంటిది కాదు. గోపురమెక్కి చెబితే విన్నవాళ్లకూ దక్కదు, చెప్పినవాడికీ మిగలదు. కనుక రహస్యాన్ని నిందించే ముందు ఒక్క పరీక్ష పెట్టాలి. ఈ వస్తువు పంచితే తరుగుతుందా, తరగదా? తరగనిదాన్ని దాచడం లోభం. తరిగేదాన్ని దాచడం కొన్నిసార్లు కాపాడటం కూడా కావచ్చు. ఆ పెద్దాయన షరతు ఈ తేడా తెలిసినవాడు పెట్టింది. చోటు చావలేదు, తనతోపాటు పోనూ లేదు.

ఇంతకంటే లోతైన ప్రశ్న ఒకటి నన్ను వెంటాడుతూనే ఉంది. అసలు ఎవరూ తాకనిదే కావాలని మనిషికి ఎందుకు? మన భాషలో దీనికి పనికివచ్చే మాట ఉంది, ఎంగిలి. ఇంకొకరి నోరు తగిలినది ఎంగిలి. పౌడరు కోసం పరుగెత్తేవాడు ఎంగిలి పడని మంచు కోసం పరుగెత్తుతున్నాడు. ఇక్కడ నాకు కొంచెం భయం వేస్తుంది. ఎందుకంటే ఎంగిలి, మైల, అంటు అనే మాటలు మన దేశంలో ఒకే ఇంటి బిడ్డలు. తాకనిది పవిత్రం అన్న చోట, తాకినవాడు అపవిత్రుడు అనడానికి ఎంతోసేపు పట్టదు. మన ఊళ్లలో బావుల దగ్గర జరిగినది అదే.

అయితే కొత్తదాన్ని చూసి మురిసేవాడందరూ తొక్కినదాన్ని అసహ్యించుకునేవాళ్లు అనలేం. పసిపిల్లవాడు అలికిన వాకిట్లోకి పరుగెత్తి అడుగు వేస్తాడు, వాడిలో ఎవరి మీదా ఏవగింపు లేదు. తేడా ఎక్కడ కనిపిస్తుందంటే, తొక్కిన మంచును, దాన్ని తొక్కినవాళ్లను మనిషి ఎలా చూస్తాడో అక్కడ. మావాడు ఒకసారి లిఫ్టులోనుంచి కిందికి చూసి "పాడు చేసేశారు" అనుకున్నానని తానే చెప్పాడు. ఆ చేసినవాళ్లు చేసినది, వాడు పొద్దున చేసినదే. తన గీత గీత, ఇతరుల గీత మచ్చ. సంతోషం దోషంగా మారే చోటు ఇదేనని నాకు తోచింది. శబరి పండ్లు కొరికి చూసి రాముడికి పెట్టిందని జనం చెప్పుకుంటారు. వాల్మీకి రామాయణంలో ఆ కొరకడం లేదు. జనమే దాన్ని కల్పించి కలుపుకున్నారు. ఎందుకు కలుపుకున్నారు? ఎంగిలి పడనిదాని మీద మోజు తమలో ఎంత బలంగా ఉందో వాళ్లకు తెలుసు కనుక, దాన్ని దాటిన ప్రేమ ఒకటి ఉండాలని వాళ్లకు అనిపించింది కనుక.

ఇక ప్రాణం సంగతి. ప్రకృతి ఇక్కడ ఒక కఠినమైన ఏర్పాటు చేసింది. పౌడరులో దిగడానికి బాగుండే ఏటవాలు, మంచుపలక విరిగి జారే ఏటవాలు, రెండూ ఒకటే. దాదాపు 30 డిగ్రీల నుంచి 45 డిగ్రీల వరకు. గాలి మంచును ఎత్తి లోతుగా పోసే చాటు వాలు మీదే ప్రమాదమూ పేరుకుంటుంది. పైగా ప్రాణాలు తీసిన మంచుపాతాల్లో పదింట తొమ్మిది, చిక్కుకున్నవాళ్లో వాళ్లతో వచ్చినవాళ్లో కదిల్చినవేనని అక్కడివాళ్లు చెబుతారు. పూడుకుపోయినవాణ్ణి మొదటి పది నిమిషాల్లో తవ్వితీస్తే బతికే ఆశ బాగా ఉంటుంది, ఆ తర్వాత అది నిట్టనిలువునా పడిపోతుంది. అందుకే రిసార్టులో తాళ్లు కడతారు. తాడు కింద దూరి పోయేవాడు తన ప్రాణం తన ఇష్టం అనవచ్చు. కాని వాణ్ణి వెతకడానికి అదే వాలు మీదికి ఇంకొకరు వెళ్లవలసి ఉంటుంది. ఆ ఇంకొకరి ప్రాణం వాడి ఇష్టం కాదు.

ఇయాన్ మెక్‌కామన్ అనే ఆయన అమెరికాలో జరిగిన ఏడువందలకు పైగా మంచుపాత ప్రమాదాలను పరిశీలించి, 2000 తర్వాతి సంవత్సరాల్లో కొన్ని వ్యాసాలు రాశాడు. తెలియక చనిపోయినవాళ్ల కంటే, తెలిసీ బుద్ధి పక్కదారి పట్టినవాళ్లను గురించి ఆయన చెప్పినది ముఖ్యం. ఆయన లెక్కపెట్టిన ఆరు ఉచ్చుల్లో ఒకటి, వస్తువు అరుదు అన్న తొందర. ఎవరో నాకంటే ముందు పోతారేమో అన్న ఆతురత కన్నును కప్పేస్తుంది. 2012 ఫిబ్రవరిలో వాషింగ్టన్ రాష్ట్రంలోని స్టీవెన్స్ పాస్ దగ్గర టన్నెల్ క్రీక్ అనే వాలులోకి పదహారుమంది దాకా దిగారు. అందరూ ఆరితేరినవాళ్లు. ముగ్గురు చనిపోయారు. కొందరికి లోపల అనుమానం ఉన్నా, ఇంతమంది తెలిసినవాళ్లు ఉన్నారు గదా అని పైకి అనలేదని తర్వాత బయటపడింది. మన దేశంలో గుల్మార్గ్‌లో అఫర్వత్ కొండ మీద 2023 ఫిబ్రవరిలో ఇద్దరు పోలండు దేశస్థులు, మరుసటి ఫిబ్రవరిలో ఒక రష్యా దేశస్థుడు ఇలాగే పోయారు. ఆ 2024లోనే జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్ మంచులేక బోసిగా ఉండింది. అరుదైనకొద్దీ ఆతురత పెరుగుతుంది, అది సహజం. అందుకే జాగ్రత్త కూడా అంతకంత పెరగాలి.

ఈ విషయంలో నాకు ఒక సమాధానం వంటిది మావాడి మాటల్లోనే దొరికింది. వాడు అప్పుడప్పుడు లిఫ్టులు లేని కొండలకు కూడా పోతాడు. స్కీ అడుగున వెంట్రుకలున్న పట్టీ అంటించుకొని, వెనక్కి జారకుండా, గంటల తరబడి నడిచి ఎక్కుతారు. అప్పుడు ముందు నడిచేవాడికి చాలా కష్టం. లోతు మంచును తొక్కి దారి వేయాలి. వెనకవాళ్లు ఆ దారిన సులువుగా వస్తారు. అందుకని కొంతసేపటికి ముందువాడు పక్కకు తప్పుకుంటాడు, రెండోవాడు ముందుకు వస్తాడు. ఎవరూ చెప్పనక్కరలేదట. "అక్కడ ముందు పోతానని ఎవరూ కొట్లాడరు మామా" అని నవ్వాడు.

చూడండి, అదే మంచు, అదే మొదటి అడుగు. ఎక్కేటప్పుడు ముందువాడు దాత. దిగేటప్పుడు ముందువాడు భోక్త. ఎక్కిన మనిషే దిగితే, ఇచ్చినదీ పుచ్చుకున్నదీ ఒక లెక్కకు వస్తాయి. 1936లో ఐడహో రాష్ట్రంలో సన్ వ్యాలీ అనేచోట, ఓడల్లోకి అరటిగెలలు ఎక్కించే యంత్రం చూసి, ఒక ఇంజనీరు మనుషుల్ని ఎక్కించే కుర్చీల లిఫ్టు తయారుచేశాడు. అది ఎందరికో కొండను దగ్గర చేసింది. నేను దాన్ని తప్పు పట్టను. కాని అది ఎక్కడాన్ని తీసేసి దిగడాన్ని ఉంచింది. ఇవ్వడం పోయింది, పుచ్చుకోవడం మిగిలింది. పౌడరు రోజున స్నేహితులు ఉండరన్న సామెత లిఫ్టు వరసకు సరిపోయినంతగా, ఆ కాలినడక కొండకు సరిపోదు. మంచులో స్వార్థం లేదు, మనం దాన్ని చేరే పద్ధతిలో ఉంది.

డోలొరెస్ లచాపెల్ అనే ఆవిడ ఆల్టాలో ఎన్నో శీతాకాలాలు గడిపి, 1993లో లోతైన పొడిమంచును గురించి ఒక పుస్తకం రాసింది. ప్రకృతితో మనిషి సంబంధాన్ని గురించి ఆలోచించిన మనిషి. నలుగురు కలిసి లోతు మంచులో దిగేటప్పుడు నాయకుడూ అనుచరుడూ లేకుండా, పక్షుల గుంపులాగా ఎవరి గీతలో వాళ్లు ఒకే వేగాన సాగిపోతారని ఆవిడ అనుభవం. అంటే ఆ సుఖం మొదటితనంలోనే ఉందన్నది కూడా పూర్తిగా నిజం కాదు. పక్కవాడికి చోటు విడిచి దిగినా అది ఉంటుంది.

లిఫ్టు ఎక్కి వచ్చినవాడు మరి ఏంచేయాలి? అడిగే అర్హత నాకు లేదు గాని, అడిగితే నేను చెప్పేది ఇంతే. చోటును దాచుకో, ప్రమాదాన్ని మాత్రం దాచకు. సుఖం నీ రహస్యం కావచ్చు. వాలు మీద పగులు కనిపించిన సంగతి, కాలికింద మంచు గుబుక్కుమన్న సంగతి, నీ మనసులోని అనుమానం, ఇవి అందరి సొత్తు. వాటిని గోపురమెక్కి చెప్పాలి. చెబితే అవి తరగవు. తాడు దాటకు, నీ వెనక వచ్చేది ఇంకొకరి కొడుకు. నీ తర్వాత వచ్చినవాడి గీతను మచ్చ అనకు. మోకాళ్లు చెడేలోగా ఒక్కరిని వెంట తీసుకుపో.

2022-23 శీతాకాలంలో ఆల్టాలో 903 అంగుళాల మంచు పడింది, దాదాపు 23 మీటర్లు. అక్కడి రికార్డులన్నిటినీ అది మించింది. ఆ ఏడు ఎన్ని వేలమంది ఎన్ని గీతలు గీశారో ఎవరు లెక్కపెట్టగలరు? ఆ లోయ సాల్ట్‌లేక్ సిటీ తాగునీటికి ఆధారం. నీరు చెడుతుందని అక్కడికి కుక్కల్ని కూడా రానివ్వరు. వేసవి వచ్చేసరికి మొదట తొక్కిన మంచు, చివర తొక్కిన మంచు, ఎవరూ తొక్కని మంచు, అన్నీ ఒకే వాగులో పడతాయి. ఊరంతా ఆ నీళ్లే తాగుతుంది.